జేమ్స్ వెల్డన్ జాన్సన్: ఐదు జీవితాలా, ఒకే పాటా?

1902లో న్యూయార్క్ నాటకశాలల్లో ఒక పాట దుమారం రేపింది. పేరు 'అండర్ ది బాంబూ ట్రీ'. 'సాలీ ఇన్ అవర్ ఆలీ' అనే సంగీత నాటకంలో మేరీ కాహిల్ అనే తెల్లజాతి నటి పాడిన ఈ ప్రేమగీతం స్వరప్రతులు లక్షల్లో అమ్ముడయ్యాయి. గ్రామఫోను ఇంకా ఇంటింటికీ చేరని కాలం అది. పాట నచ్చితే దాని స్వరప్రతి కొనుక్కుని ఇంట్లో పియానో మీద వాయించుకునేవారు. అలా వాయించుకున్నవారిలో ఎంతమందికి తెలుసో గాని, ఆ బాణీ పుట్టింది బానిసల ప్రార్థనల్లోంచి. 'నోబడీ నోస్ ది ట్రబుల్ ఐ సీ' అనే పాత భక్తిగీతాన్ని తమ ప్రదర్శనలో వాడుకుందామని ఈ పాట కట్టినవారిలో ఒకరైన బాబ్ కోల్ అన్నప్పుడు, శాస్త్రీయ సంగీతం చదువుకున్న రోజమండ్ జాన్సన్ అది అపచారమని అడ్డుపడ్డారు. చివరికి ఆ బాణీనే వెనక్కి తిప్పి, లయ విరిచి, కొత్త పాట కట్టారు. అలా ఒక జాతి గోడు మారువేషంలో బ్రాడ్‌వే ఎక్కింది.

ఈ పాటల జట్టులో మూడో మనిషి రోజమండ్ అన్న జేమ్స్ వెల్డన్ జాన్సన్. ఆయన గురించి చదవబోతే ఒక చిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. అమెరికా పాటల చరిత్రకారులు ఆయన్ని 1906 దాకా తీసుకొచ్చి వదిలేస్తారు. సాహిత్య విమర్శకులు 1912లో వచ్చిన నవల దగ్గర అందుకుంటారు. పౌరహక్కుల చరిత్ర ఆయన్ని 1916 నుంచి లెక్కపెడుతుంది. మధ్యలో వెనిజువెలాలోనూ నికరాగువాలోనూ అమెరికా కాన్సల్‌గా పనిచేసిన ఏడేళ్లు ఎవరికీ పెద్దగా పట్టవు. ఒకే మనిషి బడి ప్రధానోపాధ్యాయుడు, పత్రికా సంపాదకుడు, న్యాయవాది, గీత రచయిత, దౌత్యాధికారి, నవలాకారుడు, కవి, ఉద్యమ నాయకుడు, విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఇన్ని పనులు చేసిన మనిషిని బహుముఖ ప్రజ్ఞాశాలి అనేసి ఊరుకోవడం తేలిక. ఆ మాట ఆయన్ని మెచ్చుకుంటూనే ముక్కలు చేస్తుంది. నా దృష్టిలో జాన్సన్ జీవితమంతా ఒకే పని సాగింది. నల్లవారి గొంతుకు బజారు తగిలించిన ముసుగును తీసి, ఆ గొంతు తన నిజమైన లయతో పలికే రూపాన్ని వెతకడం ఆ పని. పాటల వ్యాపారంలో గడిపిన సంవత్సరాలు దానికి ముందుమాట కావు, దాని పునాది. గత వందేళ్లలో ఆయన మీద వచ్చిన వాదాలను ఈ కోణం నుంచి ఒకసారి చూడాలి.

జాన్సన్ 1871 జూన్ 17న ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో పుట్టారు. తండ్రి ఒక పెద్ద హోటల్లో హెడ్ వెయిటర్. తల్లి హెలెన్ లూయీస్ డిలెట్ బహామాస్ ద్వీపాల నుంచి వచ్చిన మనిషి. ఊళ్లోని నల్లజాతి పిల్లల బడి అయిన స్టాంటన్ స్కూల్లో టీచరు. పియానో, పుస్తకాలు ఉన్న ఇల్లు వారిది. 1873లో పుట్టిన తమ్ముడు రోజమండ్ బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీకి వెళ్లి సంగీతం చదివితే, జేమ్స్ అట్లాంటా యూనివర్సిటీలో 1894లో పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లోనే వేసవిలో జార్జియా పల్లెల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. పట్నపు మధ్యతరగతి ఇంట్లో పెరిగిన ఆ కుర్రాడు పత్తిచేల మధ్య బతికే తనవారిని దగ్గరగా చూసింది అక్కడే. తర్వాత స్టాంటన్‌కే ప్రధానోపాధ్యాయుడై, దాన్ని హైస్కూలు స్థాయికి పెంచారు. 'డైలీ అమెరికన్' అనే దినపత్రిక పెట్టి నెలల్లోనే మూసేశారు. న్యాయవాద పరీక్షకు కూర్చున్నప్పుడు, ఒక నల్లవాడు నెగ్గడం చూడలేక పరీక్షకుల్లో ఒకరు గదిలోంచి లేచిపోయారు. అయినా జాన్సన్ నెగ్గారు.

1900 ఫిబ్రవరి 12, లింకన్ జయంతి. ఆ ఉత్సవానికి అన్న మాటలు రాస్తే తమ్ముడు బాణీ కట్టిన 'లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్' పాటను జాక్సన్‌విల్‌లో 500 మంది బడిపిల్లలు బృందగానంగా పాడారు. చివరి చరణాలు రాస్తూ, కాగితం కలం పక్కనపెట్టి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ కన్నీళ్లు ఆపుకోలేకపోయానని జాన్సన్ తర్వాత ఆత్మకథలో చెప్పుకున్నారు. అన్నదమ్ములు ఊరు విడిచి వెళ్లి, ఆ పాటను దాదాపు మరిచిపోయారు. మరిచిపోనిది పిల్లలు. వాళ్లు పెరిగి వేరే ఊళ్లలో టీచర్లయ్యారు, తమ పిల్లలకు నేర్పారు. ఇరవై ఏళ్లలో దక్షిణాది అంతటా నల్లవారి బడుల్లో, చర్చీల్లో అది నిలిచిపోయింది. ఏ ప్రచురణకర్తా, ఏ నాటకశాలా దాన్ని మోయలేదు.

మరుసటి ఏడాది, 1901 మే 3న, జాక్సన్‌విల్ తగలబడింది. ఆ అగ్నిప్రమాదం తర్వాత నగరం సైనికుల చేతిలో ఉంది. అగ్నిప్రమాదం నల్లవారి మీద చూపిన ప్రభావం గురించి తాను రాసిన వ్యాసం మీద అభిప్రాయం అడగడానికి ఒక మహిళా జర్నలిస్టు జాన్సన్‌ని పార్కులో కలిసింది. ఆమె నల్లజాతి స్త్రీయే, కాని చాయ తెలుపు. తెల్ల స్త్రీతో నల్లవాడు పార్కులో కూర్చున్నాడన్న కబురు పాకింది. తుపాకులతో, కుక్కలతో సైనికులు చుట్టుముట్టారు. కొట్టారు, బట్టలు చింపారు. చంపండి అన్న కేకల మధ్య ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. ఆ భయం ఎన్నో ఏళ్లు నిద్రలో వెంటాడిందని రాసుకున్నారు. తర్వాతి జీవితంలో ఆయన రాసిన నవలా, చేసిన ఉద్యమమూ రెండూ ఈ పార్కు గుండానే వెళతాయి. జీవితచరిత్రకారులు ఈ సంఘటనను ఒక దుర్ఘటనగా చెప్పి ముందుకు సాగిపోతే నాకు మనసు ఒప్పదు.

న్యూయార్క్ చేరాక అన్నదమ్ములు పశ్చిమ 53వ వీధిలోని మార్షల్ హోటల్లో మకాం పెట్టారు. ఆనాటి నల్లజాతి నటులు, సంగీతకారులు, బాక్సర్లు, జాకీలు కలిసే చోటు అది. బాబ్ కోల్‌తో కలిసి రాసిన పాటలు వరసగా నెగ్గాయి. 'ది మెయిడెన్ విత్ ది డ్రీమీ ఐస్', 'కాంగో లవ్ సాంగ్' లాంటివి తెల్లజాతి తారలు పోటీపడి పాడారు. 1904 ఎన్నికల్లో థియొడోర్ రూజ్‌వెల్ట్ కోసం ఒక ప్రచారగీతం కూడా కట్టారు. ముగ్గురూ కలిసి కూర్చుని కట్టిన పాటల్లో ఎవరి వాటా ఎంతో విడదీయడం ఈరోజు సాధ్యం కాదు.

ఇక్కడే మొదటి వివాదం. 1890ల నుంచి అమెరికా పాటల బజారును ఏలుతున్నవి 'కూన్ సాంగ్స్'. నల్లవాణ్ణి కోళ్ల దొంగగా, కత్తి తీసే రౌడీగా, పుచ్చకాయ చూస్తే ఒళ్లు మరిచే మూర్ఖుడిగా చూపించే వెక్కిరింపు పాటలవి. వాటిని రాసినవారిలో నల్లవారూ ఉన్నారు. 1896లో ఎర్నెస్ట్ హోగన్ అనే నల్లజాతి కళాకారుడే రాసిన అలాంటి పాట దేశమంతా మోగింది. కోల్, జాన్సన్ సోదరులు ఆ బజారులోకి దిగి, ఆ యాసను కొంత ఉంచుకుని, వెక్కిరింపును తీసేశారు. వెన్నెల, ప్రేమ, విరహం ఆ జాగాలోకి వచ్చాయి. నల్లవారు కూడా అందరిలాగే ప్రేమించుకుంటారన్న మాటను పాటలోకి తేవడమే ఆనాడు పోరాటమని కొందరు చరిత్రకారులు అంటారు. తెల్లవారి ఆనందం కోసం ఊహాలోకపు ఆఫ్రికాను అమ్మారని, 'అండర్ ది బాంబూ ట్రీ' చెప్పే అడవిలో జూలూ ప్రేమకథ కూడా మరో ముసుగేనని ఇంకొందరంటారు. జాన్సన్ స్వయంగా ఈ రెండో పక్షానికి దగ్గరగా ఉండటం గమనించాలి. ఆ పాటల గురించి పెద్దయ్యాక ఆయన గొప్పలు చెప్పుకోలేదు.

రెండు పక్షాలూ పాటలోని విషయాన్నే చూస్తున్నాయని నా ఫిర్యాదు. పాట అనేది చేతిపని కూడా. గాయని ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో లెక్కవేసి మాట పెట్టాలి; ఒత్తు తాళం మీద పడాలా, తాళానికి ముందు జారాలా అన్నది తేల్చుకోవాలి; మొదటిసారి వినే శ్రోత చెవికి పల్లవి అంటుకోవాలి. నాలుగైదేళ్లు ఈ పని చేసిన మనిషి, తర్వాతి కాలంలో ప్రసంగాలను కవితలుగా మలచడానికి కూర్చున్నప్పుడు చెవిలో ఏముందో ఊహించవచ్చు. పాటల కాలాన్ని సిగ్గుపడాల్సిన అధ్యాయంగా పక్కనపెట్టిన సాహిత్య విమర్శ ఈ లంకెను చాలాకాలం చూడలేదు.

1906లో ఆయన వెనిజువెలాలోని ప్యుయెర్టో కబెయో రేవుకు కాన్సల్‌గా వెళ్లారు. ఉద్యోగం రావడానికి నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ పలుకుబడి సాయపడింది. 1909లో నికరాగువాలోని కొరింతోకు మారారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌కు చెందిన గ్రేస్ నెయిల్‌ను పెళ్లాడారు. 1912లో నికరాగువాలో తిరుగుబాటు వచ్చి అమెరికా మెరైన్ దళాలు దిగినప్పుడు కాన్సల్‌గా తన ప్రభుత్వం పని తాను చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత, 1920లో, హైతీకి వెళ్లి అక్కడి అమెరికా సైనిక ఆక్రమణను ఎండగడుతూ 'ది నేషన్' పత్రికలో వ్యాసమాల రాసింది ఇదే మనిషి. రెంటినీ ఎలా పొత్తు కుదర్చాలని విమర్శకులు తంటాలు పడ్డారు. నా మటుకు నేను హైతీ వ్యాసాలనే ఆయన అసలు తీర్పుగా తీసుకుంటాను. సామ్రాజ్యం లోపలి యంత్రం ఎలా తిరుగుతుందో చేత్తో తిప్పి చూసినవాడు రాసిన రాతలు కాబట్టే వాటికి ఆ పదును వచ్చింది.

కాన్సల్ ఉద్యోగపు తీరికలోనే నవల పూర్తయింది. 'ది ఆటోబయాగ్రఫీ ఆఫ్ ఎన్ ఎక్స్-కలర్డ్ మ్యాన్' 1912లో రచయిత పేరు లేకుండా వచ్చింది. తెల్లగా పుట్టిన ఒక నల్లజాతి పియానో వాద్యకారుడి కథ ఇది. న్యూయార్క్ క్లబ్బుల్లో రాగ్‌టైమ్ వాయించి పేరు తెచ్చుకుంటాడు. ఒక ధనికుడి వెంట యూరప్ వెళ్తాడు. బెర్లిన్‌లో ఒక విందులో ఇతను రాగ్‌టైమ్ వాయిస్తుంటే, ఒక జర్మన్ సంగీతకారుడు పియానో దగ్గర్నుంచి ఇతన్ని లేపేసి, అదే బాణీని తీసుకుని శాస్త్రీయ పద్ధతిలో రకరకాలుగా విస్తరిస్తాడు. తన జాతి సంగీతంతో తాను చేయవలసిన పని ఏమిటో ఆ క్షణంలో నాయకుడికి తెలుస్తుంది. వెంటనే దక్షిణాదికి వెళ్లి పల్లెల్లో పాటలు సేకరించడం మొదలుపెడతాడు. అక్కడ ఒక నల్లవాణ్ణి సజీవంగా తగలబెట్టడం కళ్లారా చూస్తాడు. సేకరించిన పాటలను పెట్టెలో పడేసి, తెల్లవాడిగా చలామణీ అయిపోయి, డబ్బు సంపాదించి, పిల్లల్ని పెంచుకుంటాడు.

పేరు లేకపోవడంతో చాలామంది ఇది నిజమైన ఆత్మకథ అనుకున్నారు. 1927లో తెల్లజాతి రచయిత కార్ల్ వాన్ వెక్టెన్ ముందుమాటతో, జాన్సన్ పేరుతో మళ్లీ వచ్చింది. 1933లో ఆయన అసలు ఆత్మకథ 'అలాంగ్ దిస్ వే' రాయడానికి, ఈ నవల తన జీవితం కాదని తేల్చిచెప్పడం కూడా ఒక కారణం. మొదట్లో విమర్శకులు దీన్ని రంగు మార్చుకుని బతికేవారి సమస్యను వివరించే సామాజిక పత్రంగా చదివారు. ఆ తర్వాత కథకుడిని నమ్మవచ్చా, రచయిత అతన్ని దూరం నుంచి తూకం వేస్తున్నాడా అన్న చర్చ మొదలైంది. 1979లో రాబర్ట్ స్టెప్టో నల్లజాతి కథన సంప్రదాయం మీద రాసిన పుస్తకంలో ఈ నవలకు నల్లజాతి రచయితలు డు బోయిస్ నుంచి రాల్ఫ్ ఎల్లిసన్ దాకా సాగే దారిలో కీలకమైన చోటిచ్చారు. ఈ చదువులన్నీ విలువైనవే. అయినా అన్నింటికన్నా సూటిగా కనిపించే విషయం ఒకటుంది. ఇది ఒక సంగీతకర్త చేయలేకపోయిన పని గురించిన నవల. 1901లో పార్కులో ప్రాణాలతో మిగిలిన మనిషి, తాను భయపడి వెనక్కి తగ్గి ఉంటే ఏమయ్యేవాడో ఆ కథకుడిలో రాసుకున్నాడు. కథకుడు పెట్టెలో పడేసిన పనిని జాన్సన్ 1925లో చేతుల్లోకి తీసుకున్నారు.

అంతకుముందు ఉద్యమం ఉంది. 1916 చివర్లో నల్లజాతి పౌరుల హక్కుల కోసం పోరాడే జాతీయ సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి.లో క్షేత్ర కార్యదర్శిగా చేరారు. ఆయన దక్షిణాది అంతా తిరిగి శాఖలు పెట్టాక సంఘం సభ్యత్వం మూడేళ్లలో సుమారు 9 వేల నుంచి 90 వేలకు పెరిగింది. ఈస్ట్ సెయింట్ లూయీస్‌లో నల్లవారి ఊచకోత జరిగిన నెలలోనే, 1917 జులై 28న, న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో సుమారు 10 వేల మంది నల్లవారు నినాదాలు లేకుండా, పాటలు లేకుండా, మూగబోయిన డ్రమ్ముల చప్పుడు మధ్య నడిచారు. ఆ మౌన ప్రదర్శన వెనక ముఖ్యులలో జాన్సన్ ఒకరు. గొంతెత్తి పాడమని రాసిన కవే ఎప్పుడు పాడకూడదో కూడా ఎరిగినవాడు. 1919లో సంఘం వెలువరించిన నివేదిక 1889 నుంచి 1918 వరకు అమెరికాలో మూకలు చంపినవారిని 3,224 మందిగా లెక్కించింది. ఆ ఏడాది వేసవిలో జరిగిన జాత్యహంకార దాడులకు 'రెడ్ సమ్మర్' అన్న పేరు పెట్టింది జాన్సనే. 1920లో సంఘం కార్యదర్శి పదవి చేపట్టారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయన. మూకహత్యలను ఫెడరల్ నేరంగా చేసే డయర్ బిల్లు కోసం వాషింగ్టన్‌లో కాళ్లరిగేలా తిరిగారు. 1922 జనవరిలో ప్రతినిధుల సభ బిల్లును ఆమోదించింది. అదే ఏడాది చివర్లో దక్షిణాది సెనేటర్లు ఎడతెగని ప్రసంగాలతో దాన్ని చంపేశారు. మూకహత్యను ఫెడరల్ నేరంగా గుర్తించే చట్టం, అలాంటి హత్యకు బలైన నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్ పేరుతో, 2022 మార్చిలో గాని రాలేదు.

ఆశ్చర్యమేమిటంటే, డయర్ బిల్లు పోరాటం నడిచిన 1922లోనే జాన్సన్ 'ది బుక్ ఆఫ్ అమెరికన్ నీగ్రో పొయెట్రీ' సంకలనం తెచ్చారు. దాని పొడవాటి ముందుమాట మీద జరిగిన చర్చ ఇప్పటికీ ఆగలేదు. మాండలికంలో రాసే నల్లజాతి కవి అయితే నవ్వించాలి, లేకపోతే జాలి పుట్టించాలి, మూడో భావానికి ఆ భాషలో చోటు లేకుండా పోయిందని ఆయన వాదించారు. తప్పు ఆ మాటతీరుది కాదనీ, తెల్లవారు ముఖాలకు నలుపు పూసుకుని నల్లవారిని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు దాని చుట్టూ కట్టిన అచ్చుదేననీ స్పష్టంగానే చెప్పారు. ఈ సంగతి ఆయనకు సిద్ధాంతంగా తెలిసింది కాదు. ఆయన స్నేహితుడు, 1906లో చిన్న వయసులోనే పోయిన పాల్ లారెన్స్ డన్‌బార్, మాండలిక కవితలు తప్ప తన నుంచి జనం వేరే ఏదీ కోరడం లేదని బాధపడిన మనిషి. జాన్సన్ తాను కూడా అలాంటి పాటలు రాసి అమ్మినవారే.

తర్వాతి తరం ఒప్పుకోలేదు. లాంగ్‌స్టన్ హ్యూస్ బ్లూస్ పాటల భాషను నేరుగా కవిత్వంలోకి తెచ్చారు. స్టెర్లింగ్ బ్రౌన్ 1932లో 'సదరన్ రోడ్' ప్రచురించి, పల్లె నల్లవారి మాటలో కోపం, వ్యంగ్యం, తాత్విక ధైర్యం అన్నీ పలుకుతాయని చూపించారు. లోపం భాషలో ఉండదు, రాసేవాడి చూపులో ఉంటుందన్నది బ్రౌన్ వాదన. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది జాన్సనే. బ్రౌన్ వాడింది పాత మాండలికం కాదని, జనం నోట బతికే మాట అని అందులో ఒప్పుకున్నారు. అరవై ఏళ్లు దాటిన పెద్దమనిషి, తన పేరు మీద నిలిచిన సిద్ధాంతాన్ని తనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడి పుస్తకం ముందు సవరించుకోవడం నాకు ఆయన మీద గౌరవాన్ని ఎంతో పెంచింది.

మాట సంగతి ఇలా ఉంటే, బాణీ సంగతి ఇంకా పెద్దది. స్పిరిచువల్స్ అనే బానిసల భక్తిగీతాలను ఏం చేయాలి? ఫిస్క్ విశ్వవిద్యాలయ గాయక బృందం 1871లో, అంటే జాన్సన్ పుట్టిన ఏడాదే, విరాళాల కోసం బయల్దేరి వాటిని కచేరీ వేదిక ఎక్కించింది. న్యూయార్క్‌లో సంగీత కళాశాల నడుపుతున్న చెక్ స్వరకర్త డ్వోరాక్, అమెరికా సంగీతానికి నల్లవారి బాణీలే పునాది కావాలని 1893లో ప్రకటించారు. ఆయనకు ఆ పాటలు పాడి వినిపించిన విద్యార్థి హారీ బర్లీ తర్వాత వాటిని సోలో కచేరీ పాటలుగా కూర్చారు. డు బోయిస్ 1903లో తన పుస్తకంలో అధ్యాయాల తలమీద వాటి స్వరాలను, మాటలు లేకుండా, అచ్చువేశారు. స్వరకర్తా కవీ అయిన నథానియెల్ డెట్ ఆ బాణీలతో పెద్ద బృందగాన కృతులు కట్టారు. నల్లజాతి సంగీతం మీద ఆయన రాసిన వ్యాసానికి 1920లో హార్వర్డ్ బహుమతి వచ్చింది. వీరందరి ఆలోచన ఒకే దిక్కున ఉంది. జానపదాన్ని పైకెత్తి కళగా చేయాలన్నదే అది.

జాన్సన్ సోదరులు 1925లో, 1926లో రెండు సంపుటాలుగా స్పిరిచువల్స్ ప్రచురించారు. స్వరకూర్పు ఎక్కువగా రోజమండ్‌ది, ముందుమాట జేమ్స్‌ది. మొదటి సంపుటి ముందుమాటలో చిన్ననాటి చర్చిలో పాటలు నడిపించిన ఒక మనిషిని ఆయన గుర్తుచేసుకున్నారు. అందరూ 'సింగింగ్ జాన్సన్' అని పిలిచే ఆ గాయకుడు ఊరూరా తిరుగుతూ, ఏ సమయంలో ఏ పాట ఎత్తుకోవాలో ఎరిగి, ఎక్కడికక్కడ కొత్త పాటలు కట్టి సమాజం చేత పాడించేవాడు. ఈ పాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు, పేరులేని కవులు కట్టారు అన్న తన వాదానికి ఆయన చూపిన సాక్షి ఇతనే. 1908లోనే ఆ అజ్ఞాత కవుల మీద ఆయన ఒక కవిత రాశారు. ఈ పాటల లయ ఆఫ్రికా నుంచి వచ్చిందని, తల ఊపుకూ కాలి తాళానికీ మధ్య ఉన్న ఆ ఊగును కాగితం మీద పట్టడం కష్టమని కూడా ఒప్పుకున్నారు.

1933లో జార్జ్ పుల్లెన్ జాక్సన్ అనే జానపద సంగీత పరిశోధకుడు ఈ వాదాన్ని ఎదుర్కొన్నారు. పల్లె తెల్లవారి క్యాంపు సభల కీర్తనలే నల్లవారి పాటలకు మూలమని, బాణీలను పక్కపక్కన పెట్టి చూపించారు. ఆయన పోల్చింది అచ్చులో దిగిన స్వరాలను. పాడే తీరు, ఒకరెత్తుకుంటే అందరూ అందుకునే పద్ధతి, చప్పట్ల లయ అచ్చులో దిగవు కాబట్టి ఆ లెక్కలోకి రాలేదు. 1977లో డీనా ఎప్‌స్టీన్ బానిసల కాలపు ఉత్తరాలు, డైరీలు, యాత్రా కథనాలు గాలించి, ఆఫ్రికా సంగీతం అమెరికాలో ఎలా నిలిచిందో దస్తావేజుల్తో చూపించాక, జాన్సన్ పక్షం మొత్తం మీద బలపడింది.

అంతకన్నా నిశితమైన విమర్శ సొంత రాష్ట్రం నుంచే వచ్చింది. ఫ్లోరిడాలో పెరిగిన రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1934లో, కచేరీల్లో వినిపించేవి అసలు స్పిరిచువల్స్ కావని తేల్చేశారు. అసలు పాట సోలో కాదు, నలుగురి బృందమూ కాదు, సభ మొత్తానిది. గరుకైన శ్రుతులతో, ఊపిరి చప్పుడుతో, పాడిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. కచేరీ పాట అనేది ఆ బాణీ ఆధారంగా చదువుకున్న స్వరకర్తలు చేసిన వేరే రచన అన్నది ఆమె వాదన. సంగీతపరంగా హర్స్టన్ చెప్పిందే నిజమని నేననుకుంటాను. రోజమండ్ కూర్చిన పియానో సహకారం అందంగానే ఉంటుంది, కాని అందులో పార్లర్ గది గోడలు వినిపిస్తాయి. అయితే ఆ రెండు సంపుటాల అవసరం అక్కడితో తీరిపోదు. ఈ పాటలకు కర్తలున్నారు, ఆ కర్తలు నల్లవారు అన్న మాట వేల ఇళ్ల పియానోల మీదికి చేరింది ఆ పుస్తకాల వల్లే.

జాన్సన్ ఈ చర్చకు ఇచ్చిన అసలు జవాబు వ్యాసంలో లేదు, 1927లో వచ్చిన 'గాడ్స్ ట్రాంబోన్స్'లో ఉంది. కాన్సాస్ సిటీలో ఒక నల్లజాతి బోధకుడి ప్రసంగం విన్నారు ఆయన. మర్యాదగా మొదలుపెట్టిన ప్రసంగానికి సభ చలించడం లేదని గ్రహించిన బోధకుడు, తయారుచేసుకున్న పాఠం వదిలేసి, సృష్టి మొదలు నుంచి పాత పద్ధతిలో అందుకున్నాడు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ, గొంతును గుసగుస నుంచి ఉరుము దాకా నడిపించాడు. జాన్సన్ అక్కడే కాగితం ముక్క మీద రాసుకోవడం మొదలుపెట్టారు. అలా 1918లో పుట్టిన 'ది క్రియేషన్' తర్వాత మరో ఆరు ప్రసంగ కవితలు, ఒక ప్రార్థన చేరి పుస్తకమైంది. బొమ్మలు ఆరన్ డగ్లస్ వేశారు. ఇందులో మాండలికపు అక్షర వికృతులు లేవు. భాష మామూలు ఇంగ్లీషు. బోధకుడి లయ, ఊపిరి, సాగదీత, ఒక్కసారిగా ఆగడం మాత్రం పంక్తి విరుపులోనూ విరామ చిహ్నాల్లోనూ ఉన్నాయి. మనిషి గొంతు పలికే స్థాయిలన్నీ పలికించగల వాద్యం కాబట్టే ట్రాంబోన్ పేరు పెట్టారు.

గాయని ఊపిరికి మాట కొలిచి పెట్టిన పాత పనితనం ఇక్కడ పండింది. అక్షరాలు వంకర చేయడం వల్ల నల్లజాతి గొంతు రాదు, లయ వల్ల వస్తుంది అన్నది పాటల వ్యాపారి కనుక్కోగలిగిన సంగతి. తల్లీతండ్రీ నుంచి వచ్చిన చదువుగాని, న్యాయశాస్త్రంగాని, దౌత్యంగాని ఇది నేర్పవు. బోధకుడి మాటను మరీ నున్నగా చేశారని, చర్చిలోని సభ వేసే ప్రతిధ్వని పుస్తకంలో వినిపించదని కొందరు అన్నారు. అందులో కొంత నిజముంది. ఆ పుస్తకాన్ని మౌనంగా చదివితే ఆ లోటు తెలుస్తుంది, గట్టిగా చదివితే చాలావరకు తీరిపోతుంది.

'లిఫ్ట్ ఎవ్రీ వాయిస్' కథ ఆయన తర్వాత కూడా సాగింది. ఎన్.ఏ.ఏ.సి.పి. 1919లోనే దాన్ని తన అధికారిక గీతంగా తీసుకుంది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు శిల్పి ఆగస్టా సావేజ్ ఈ పాట స్ఫూర్తితో 16 అడుగుల 'ది హార్ప్' చేశారు. పాడే పిల్లలే ఆ వీణ తంతులు. కంచులో పోత పోయడానికి డబ్బు లేక, ప్రదర్శన ముగిశాక ఆ ప్లాస్టర్ శిల్పాన్ని పగలగొట్టేశారు. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారంలో రెవరెండ్ జోసెఫ్ లోవరీ తన ప్రార్థనను ఈ పాట చివరి చరణంతో మొదలుపెట్టారు. 2018లో ఇమానీ పెర్రీ ఈ ఒక్క పాట చరిత్రనే పుస్తకంగా రాశారు. దీన్ని నల్లవారి జాతీయ గీతమని పిలుస్తారు కాబట్టి, ఒకే దేశంలో రెండు జాతీయ గీతాలా అని ఫుట్‌బాల్ మైదానాల్లో దీన్ని పాడినప్పుడల్లా కొందరు గొడవ చేస్తున్నారు. జాన్సన్ దీన్ని పోటీ గీతంగా రాయలేదు. బడిపిల్లలు పాడటానికి రాశారు. జాతీయ గీతమన్న హోదా ఏ చట్టం నుంచీ రాలేదు, పాడినవారి నుంచి వచ్చింది. అలా వచ్చినదాన్ని రాజకీయ నాయకుల అనుమతితో కొలవడం నాకు సమ్మతం కాదు.

1930లో సంఘం పదవి వదిలి, ఫిస్క్ విశ్వవిద్యాలయంలో సృజనాత్మక సాహిత్యం బోధించారు. 1938 జూన్ 26న మెయిన్ రాష్ట్రంలో వారి కారును రైలు ఢీకొని మరణించారు. హార్లెమ్‌లో జరిగిన అంత్యక్రియలకు రెండు వేల మందికి పైగా వచ్చారు. కాగితాలు, ఉత్తరాలు యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట 1941లో వాన్ వెక్టెన్ నెలకొల్పిన సేకరణకు చేరాయి. 1973లో యూజిన్ లెవీ రాసిన జీవితచరిత్ర నాయకుడి జీవితాన్ని శ్రద్ధగా చెప్పింది.

తమ్ముడు రోజమండ్ అన్న తర్వాత మరో 16 ఏళ్లు బతికారు. 1935లో గెర్ష్విన్ 'పోర్గీ అండ్ బెస్' మొదటి ప్రదర్శనలో లాయర్ ఫ్రేజియర్ వేషం కట్టిందీ ఆయనే. తెల్ల స్వరకర్త నల్లవారి పాటతో ఒపెరా కట్టినప్పుడు, ముప్పై ఏళ్ల క్రితమే ఆ దారి తొక్కిన నల్లజాతి స్వరకర్తకు దొరికింది చిన్న వేషం. జేమ్స్‌ను సాహిత్య శాఖలు, రోజమండ్‌ను సంగీత శాఖలు పంచుకున్నంత కాలం ఇద్దరిలో ఎవరి పనీ పూర్తిగా అర్థం కాదు. ఇప్పుడు కావలసింది అన్నదమ్ములిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే జీవితచరిత్ర. 1902 నుంచి 1906 దాకా వచ్చిన స్వరప్రతులను 'గాడ్స్ ట్రాంబోన్స్' పంక్తుల పక్కన పెట్టి, ఒత్తు ఎక్కడ పడింది, ఊపిరి ఎక్కడ ఆగింది అని వరస వరసగా చూసే పని ఇంకా మిగిలే ఉంది. రెండు చదువులూ చదివిన పరిశోధకులు ఆ పనికి పూనుకోవాలి.